పామర్రులో మాయమైన బార్దెల్లి

పామర్రు పోలీస్‌స్టేషన్లో డిటెక్టివ్ జక్కయ్యకు ఇచ్చిన గడువు ఇరవై నిమిషాలు. సోమవారం ఉదయం తొమ్మిది కావడానికి ఇంకా పది నిమిషాలుంది. తొమ్మిదీ పదికల్లా బయటికి వచ్చేయాలని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రామకోటేశ్వరరావు గోడ గడియారం చూపించి మరీ చెప్పాడు.

లాకప్‌లో చాప మీద శౌరయ్య కూర్చుని ఉన్నాడు. యాభై ఆరేళ్ల మోటారు మెకానిక్. నిన్న పొద్దున చర్చికి కట్టుకెళ్లిన తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా ఇంకా ఒంటి మీదే ఉన్నాయి. జక్కయ్య ఎదురుగా నేల మీదే చతికిలబడి, మంచినీళ్లు తాగారా అని అడిగాడు. తాగానని శౌరయ్య తల ఊపాడు.

జరిగింది ఇదీ. 1976 ఫిబ్రవరి ఎనిమిది, ఆదివారం. ఊరి చివర మూతపడ్డ బియ్యం మిల్లు షెడ్డులోంచి ఒక కారు మాయమైంది. కాపలావాడు రత్తయ్య తల పగిలి గుమ్మంలో పడి ఉన్నాడు. ఇప్పుడతను బెజవాడ పెద్దాసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. ఆ కారు మామూలు కారు కాదు. ఇటలీలో బార్దెల్లి అనే చిన్న కార్ఖానా 1961లో చేసిన పందెం కారు. ఆ కార్ఖానా అలాంటివి ఆరే చేసి మూతపడింది. ప్రపంచం మొత్తం మీద మిగిలినవి మూడు. అందులో ఒకటి పామర్రులో ఉందన్న సంగతి తెలిసి, ఇటలీ నుంచి ఒక పెద్దమనిషి వచ్చే సోమవారం చూడ్డానికి వస్తున్నాడు. ఆ కారును నడపగలిగిన మనిషి ఈ జిల్లాలో శౌరయ్య ఒక్కడే. అందుకే పోలీసులు ఆయన్ను పట్టుకున్నారు.

నిన్న సాయంత్రం బెజవాడ గవర్నర్‌పేటలో జక్కయ్య ఆఫీసు మెట్లెక్కి వచ్చింది కారు సొంతదారు, ఉయ్యూరు చెరకు రైతు కుటుంబానికి చెందిన సీతారావమ్మ. అరవై దాటిన మనిషి. కుర్చీలో కూర్చోకుండానే చెప్పింది:

"కారు దొరక్కపోయినా నాకు బాధ లేదు బాబూ. శౌరయ్య దొంగ కాదని తేల్చి పెట్టండి. నా కొడుకు పోయాక నా ఇంటికొచ్చి నాతోపాటు ఏడ్చినవాడు అతనొక్కడే."

ఆ మాటే జక్కయ్యను పామర్రు తీసుకొచ్చింది. ఆయన డిటెక్టివ్ కాకముందు పదకొండేళ్లు ఇన్సూరెన్సు కంపెనీలకు మోటారు సర్వేయరుగా పనిచేశాడు. గుద్దుకున్న లారీలూ, బోల్తాపడ్డ బస్సులూ చూసీ చూసీ, విరిగిన ఇనుము నిజం చెబుతుందని, మనుషులే చెప్పరని ఆయనకొక నమ్మకం.

కారు గురించి అడిగితే శౌరయ్య గొంతులో ప్రాణం వచ్చింది. యుద్ధంలో పట్టాళంతోపాటు ఇటలీ వెళ్లి, రెండేళ్లు అక్కడి ఊళ్లలో లారీలు బాగు చేశాడట. చర్చిలో లాటిన్ పూజ విని పెరిగిన చెవి కాబట్టి ఆ భాష త్వరగానే పట్టుబడింది. ఆ బార్దెల్లి మొదట ఇటలీ కొండదారుల్లో పందేలు గెలిచి, తర్వాత కొలంబోలో ఒక టీ తోటల యజమాని చేతికి వచ్చింది. 1965లో ఓడ మీద మద్రాసు వచ్చి, ఇంజను బిగుసుకుపోయి మూలపడింది. అప్పుడు దాన్ని కొన్నవాడు సీతారావమ్మ ఒక్కగానొక్క కొడుకు చలపతి. కారుతోపాటు వచ్చిన పుస్తకం ఇటలీ భాషలో ఉంది. అది చదివి చెప్పే మనిషి కోసం వెతుక్కుంటూ ఆ కుర్రాడు పామర్రు సెంటర్లో శౌరయ్య కొట్టు ముందు ఆగాడు. నాలుగేళ్లు ఇద్దరూ కలిసి తిరిగారు. చలపతి ఆయన్ను మేస్త్రీగారూ అనే పిలిచేవాడు. పందెం గెలిచిన ప్రతిసారీ దండ తెచ్చి ముందు ఈయన మెళ్లో వేసేవాడు.

1969 మార్చిలో మద్రాసు దగ్గర జరిగిన పందెంలో, పదకొండో చుట్టులో, ఎడమకు తిరగాల్సిన చోట కారు తిరక్కుండా నేరుగా వెళ్లి గట్టుకు కొట్టుకుంది. నిప్పంటుకుంది. చలపతికి అప్పుడు ఇరవై ఏడేళ్లు. వేగం ఎక్కువైపోయిందని అందరూ అనుకున్నారు. మాడిపోయిన కారును సీతారావమ్మ లారీలో తెప్పించి, ఎన్నేళ్లయినా సరే దీన్ని మళ్లీ నిలబెట్టమని శౌరయ్యకు అప్పజెప్పింది. ఏడేళ్లు పట్టింది.

"ఆ రోజు కారు ఎందుకు తిరగలేదంటారు?" అని జక్కయ్య అడిగాడు.

శౌరయ్య మొహం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. "అది నా పాపం," అన్నాడు. ఎలా అని అడిగితే మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

జక్కయ్య నిన్నటి సంగతికి వచ్చాడు. చర్చిలో పూజ ఏడు గంటలకు మొదలై ఎనిమిదీ పావుకు ముగిసింది. శౌరయ్య ఏడూ ఇరవై అయిదుకు లేచి బయటికి వెళ్లాడనీ, మళ్లీ ఎనిమిదీ అయిదుకు వచ్చాడనీ నలుగురు చూశారు. ఆ మధ్యలో, ఏడూ నలభైకి, షెడ్డు దగ్గర కారు గర్జించిన చప్పుడు వీధి వీధంతా విన్నది. ఆ నలభై నిమిషాలు ఎక్కడున్నారు?

"చెప్పలేనండి."

"రత్తయ్యను మీరే కొట్టారా?"

"ముప్పయ్యేళ్లుగా ఒకే చుట్ట చెరిసగం కాల్చుకున్న వాళ్లమండి మేము." అంతవరకు పొడిగా ఉన్న కళ్లు తుడుచుకున్నాడు. "వాడికేమైనా అయితే నన్ను ఇక్కడే ఉంచమనండి. బయటికి తేవద్దు."

తొమ్మిదీ పది అయింది. కానిస్టేబుల్ తలుపు తీశాడు.

*

షెడ్డు దగ్గర ఇన్‌స్పెక్టర్‌కు తోడుగా ఇంకొకాయన ఉన్నాడు. సీతారావమ్మ తమ్ముడు వెంకటసుబ్బారావు. బావగారు పోయిన దగ్గర్నుంచి అక్క చెరకు తోటలూ లారీలూ చూసుకునేది ఆయనే. నమస్కారం పెట్టి, మా చలపతి దగ్గర అన్నం తిన్న మనిషండీ, ఏదో దుర్బుద్ధి పుట్టింది, శిక్ష తక్కువ పడేటట్టు మీరైనా చూడండి అని మెల్లగా చెప్పాడు. ప్లీడరు ఖర్చు తనే పెట్టుకుంటానన్నాడు. తర్వాత రత్తయ్య ఎలా ఉన్నాడని ఇన్‌స్పెక్టర్‌ను అడిగి, పనుందని అంబాసిడర్ ఎక్కి వెళ్లిపోయాడు.

జక్కయ్య ఎదుటి అరుగు మీదికి వెళ్లాడు. అక్కడ ఇరవై ఏళ్లుగా ఇడ్లీలు పోసే ఆదెమ్మ నిన్న ఎనిమిదీ ఇరవై అయిదుకు రత్తయ్యను మొదట చూసిన మనిషి. చప్పుడు ఎలా ఉందని అడిగితే, చెవులు చిల్లులు పడేటట్టు ఉందనీ, ఆవిరికుండ మీద మూత కూడా అదిరిందనీ చెప్పింది. కళ్లతో చూశావా అంటే చూడలేదంది. మిల్లు ప్రహరీ అడ్డం.

"శౌరయ్య కారు అంతకుముందు ఎప్పుడైనా నడిపాడా?"

"నెలకోసారి లోపలే తిప్పుతాడండి. తిప్పాడంటే ఇక మా వీధంతా ఆముదం కంపే. ఆ పూట నా ఇడ్లీ ఎవరూ తినరు. ముందురోజే చెప్పవయ్యా అని నేనే పోట్లాడేదాన్ని."

పందెం కార్ల ఇంజన్లలో ఆముదం కలిసిన నూనె పోస్తారని జక్కయ్యకు తెలుసు. "నిన్న?"

ఆదెమ్మ గరిటె ఆపి ఆలోచించింది. "నిన్న కంపు రాలేదండి. నాలుగు వాయిల ఇడ్లీలూ అమ్ముడుపోయినాయి."

జక్కయ్య షెడ్డులోకి వచ్చాడు. ఆయన లోపల అరగంట తిరిగాడు. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి సిగరెట్టు కాలుస్తూ చూస్తున్నాడు. నలభై ఏళ్ల చురుకైన మనిషి. కేసు ఒక్క రోజులో తేల్చానని అప్పటికే పైకి కబురు పంపాడు. బెజవాడ నుంచి ప్రైవేటు మనిషి వచ్చి తన కేసులో చెయ్యి పెట్టడం ఆయనకు ఏమాత్రం నచ్చలేదు.

"ఏం దొరికింది సర్వేయరుగారూ? డొక్కు లారీకి నష్టపరిహారం రాస్తారా?"

జక్కయ్య మూలనున్న రేకు డబ్బా మూత తీశాడు. నిండా నల్లటి నూనె. మూత మీద సుద్దముక్కతో శనివారం తేదీ రాసి ఉంది. పక్కనే కొత్త నూనె డ్రమ్ము, బిరడా చుట్టూ వేసిన లక్క సీలు చెక్కుచెదరకుండా ఉంది.

"శనివారం ఇంజన్లో నూనె మొత్తం తీసేశాడండి. కొత్తది పొయ్యలేదు. నూనె లేని ఇంజను ఒక ఫర్లాంగు కూడా పోదు. ఇది బార్దెల్లి. ఎడ్లబండి కాదు."

"నూనె వేరే చోట తెచ్చి పోసుండొచ్చు."

"పోస్తే కంపు రావాలి. రాలేదు." జక్కయ్య ఆయన్ను బయటికి తీసుకొచ్చి, సున్నం వేసిన ప్రహరీ గోడ చూపించాడు. గోడ మీద మోకాలి ఎత్తున కొత్త మసి మరక. కింద నేల మీద, పొగ గొట్టాన్ని బిగించే బోల్టు ఒకటి పడి ఉంది. "బార్దెల్లి పొగ గొట్టం చీలమండ ఎత్తులో ఉంటుంది. మసి కొట్టింది లారీ. సైలెన్సర్ ఊడదీసి ఎక్సలేటర్ తొక్కితే చెవులు చిల్లులు పడకేం చేస్తాయి? కారును ఎవరో నడుపుకుపోయారని ఊరంతా అనుకోవాలి. నడపగలిగినవాడు ఒక్కడే కాబట్టి, వాడి మీదికి పోవాలి. కారును మాత్రం పలకల మీదుగా లారీలోకి తోశారు. ఇవిగో పలకల గుర్తులు. వాటి మధ్య చెరకు ఆకులు చూడండి."

ఇన్‌స్పెక్టర్ మరకను చూశాడు. బోల్టును చూశాడు. 

"ఈ సీజన్లో ఈ రోడ్డు మీద రోజుకు రెండొందల చెరకు లారీలు పోతాయి. చెరకు ఆకు దొరకని గజం నేల చూపించండి నాకు. శౌరయ్యే ఒక లారీని మాట్లాడుకుని ఉంటాడు. ఆ నలభై నిమిషాలు ఎక్కడున్నాడో వాణ్ణే చెప్పమనండి, ఇప్పుడే వదిలేస్తాను."

 ఇన్‌స్పెక్టర్‌ జీపెక్కబోతూ, మధ్యాహ్నం రిమాండుకు పంపుతున్నానని చెప్పాడు.

జక్కయ్య మళ్లీ షెడ్డులోకి వెళ్లి నిలబడ్డాడు. ఒక సంగతి ఆయన్ను వదలడం లేదు. గోడ బీరువాలో బార్దెల్లి పాత కార్బురేటర్లు రెండు, గుడ్డలో చుట్టి, ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. బొంబాయిలో వాటి కోసం ప్రాణమిచ్చేవాళ్లున్నారు. దొంగ వాటిని ముట్టుకోలేదు. ఎడమ గోడకు మాత్రం వరసగా ఆరు మేకులున్నాయి. ఒక్కో మేకు కింద దుమ్ములో గుండ్రటి గుర్తు. అక్కడ వేలాడినవి పాత చక్రాలు. చువ్వలు విరిగినవీ, తుప్పు పట్టినవీ. వాటిలో ఒక్కటి కూడా మిగల్లేదు.

కారును తీసుకుపోయినవాడికి పనికిరాని చక్రాలెందుకు?

*

శౌరయ్య భార్య అమలమ్మ పొయ్యి వెలిగించలేదు. ఇంటి ముందు నులకమంచం వాల్చి, జక్కయ్యను కూర్చోమని, తను గుమ్మంలో నిలబడింది. పోలీసులు అడిగినవన్నీ మళ్లీ అడుగుతాడేమోనని బిగుసుకుని ఉంది. జక్కయ్య ఒక్కటే అడిగాడు. ఇంట్లో ఎప్పుడైనా కారు చక్రం ఒకటి ఉండేదా?

ఆమె కొంగుతో కళ్లొత్తుకుని, ఉండేదని చెప్పింది.

చలపతి పోయిన రెండు నెలలకు మద్రాసు నుంచి గూడ్సులో ఒక చెక్కపెట్టె వచ్చింది. గట్టుకు కొట్టుకున్నప్పుడు కారు ముందు ఎడమ చక్రం ఊడి తుప్పల్లో ఎక్కడో పడిపోయిందనీ, నెల తర్వాత గొర్రెలు కాసేవాళ్లకు దొరికిందనీ, గ్రీజు పూసి పంపుతున్నామనీ పందేల క్లబ్బువాళ్లు ఉత్తరం రాశారు. శౌరయ్య ఆ ఉత్తరం చదివి, పెట్టె తెరవకుండా అటకెక్కించాడు. ఇంట్లో ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆటోనగర్‌లో లేతు మీద తిప్పించి చక్రం నడుమ ఉండే హబ్బు కొత్తది చేసుకున్నాడే గానీ, పాతది దించలేదు.

"మొన్న శుక్రవారం ఉయ్యూరులో అమ్మగారింట్లో ఆ ఇటలీ ఉత్తరం చదివారంటండి. అసలు సామాన్లన్నీ చూపించాలని రాశాడంట. ఈయన నోరు జారి, పాత చక్రం నా దగ్గరే ఉంది, వచ్చేలోగా తెరుస్తానన్నాడంట. అన్నాడే గానీ, ఆ రాత్రి అన్నం ముట్టలేదు. శనివారం సాయంత్రం పెట్టెను రిక్షాలో వేసుకుని చర్చి సామాన్ల గదిలో పెట్టొచ్చాడు. దేవుడి దగ్గర తెరుస్తానే అమలా అన్నాడండి. ఇంట్లో నావల్ల కాదన్నాడు."

శుక్రవారం అక్కడ ఎవరెవరున్నారని జక్కయ్య అడిగాడు. అమ్మగారు, తమ్ముడుగారు, ఈయన. అంతే. మరెవరూ లేరని ఆమె చెప్పింది.

జక్కయ్య లేచి చర్చి దాకా మామూలు నడకన నడిచాడు. అక్కడి నుంచి షెడ్డుకు తొమ్మిది నిమిషాలు. పోను, రాను పద్దెనిమిది. మిగిలేవి ఇరవై రెండు. అందులో రత్తయ్యను కొట్టి, కారును లారీకెక్కించి, షెడ్డంతా వెతికి, చొక్కా నలక్కుండా వచ్చి బల్ల మీద కూర్చోవడం నలుగురు మనుషుల వల్ల కూడా కాదు.

ఫాదర్‌గారి అనుమతితో సామాన్ల గది తాళం తీయించి, ఆయన పెట్టెను చూశాడు. ముట్టుకోలేదు. పెట్టె ముందు ఒక కుర్చీ. దాని పక్కన నేల మీద సుత్తి, మేకులు పీకే పటకారు. ఒక్క మేకు కూడా పీకి లేదు. నలభై నిమిషాలూ శౌరయ్య ఎక్కడ కూర్చున్నాడో జక్కయ్యకు అర్థమైంది.

ఆయన స్టేషన్‌కు కబురు పంపాడు. దొంగ వెతుకుతున్న వస్తువు దొరికిందని, ముద్దాయి ఎదుట తెరవాలని.

*

ఇన్‌స్పెక్టర్ ఒంటిగంటా పది నిమిషాలకు వచ్చాడు. శౌరయ్యకు బేడీలు వేసి ఉన్నాయి. పెట్టెను చూడగానే శౌరయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇది మీ ప్రదర్శన కాదు జక్కయ్యగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అయిదు నిమిషాలిస్తున్నాను. తర్వాత ఇతను బందరు సబ్‌జైలుకు పోతాడు."

"మూడు చాలు." జక్కయ్య శౌరయ్య వైపు తిరిగాడు. "మీరు దాస్తున్నది నేను చెబుతాను. తప్పయితే చెప్పండి. తిరగాల్సిన చోట కారు తిరగలేదు, మీరేమో ఈ చక్రాన్ని చూడలేకపోతున్నారు. పందేనికి ముందు ఈ చక్రాన్ని తిప్పే స్టీరింగ్ ఆర్ము చిట్లింది. ఇటలీ నుంచి కొత్తది వచ్చేసరికి ఆర్నెల్లు పడుతుంది. మీరు వెల్డింగు పెట్టారు."

శౌరయ్య కళ్లు మూసుకున్నాడు. "పెట్టానండి. ఈ పందేనికి వద్దు బాబూ, ఒక్క పందెం మానేద్దామన్నాను. మీరు పెట్టిన అతుకు మేస్త్రీగారూ, నాకు భయమేంటి అని నవ్వి ఎక్కాడు. అదే ఊడింది. ఆ తల్లి నన్ను కొడుకులాగా చూసింది ఈ ఏడేళ్లూ. ఆమెతో ఎలా చెప్పను?"

"ఊడిందని మీరు చూశారా?"

"చూసే ధైర్యం లేదండి."

జక్కయ్య పటకారు తీసుకుని మేకులు పీకాడు. మైనపు గుడ్డ విప్పాడు. నల్లటి గ్రీజులో ముందు ఎడమ చక్రం, దాని హబ్బు, హబ్బు నుంచి జానెడు పొడుగున పొడుచుకొచ్చిన విరిగిన ఉక్కు ఆర్ము. ఫాదర్‌గారి దీపం సీసాలోంచి కిరసనాయిలు వంచి, గుడ్డతో మెల్లగా తుడిచాడు. పాతికేళ్లు చెయ్యి తిరిగిన వెల్డరు కూడా చూసి గర్వపడేలాంటి అతుకు, వేలెడు వెడల్పున, చేప పొలుసుల్లా పేర్చినట్టు బయటపడింది. ఎక్కడా చీలిక లేదు.

"కళ్లు తెరవండి శౌరయ్యగారూ. మీ అతుకు పట్టుకునే ఉంది."

శౌరయ్య తెరిచాడు. బేడీల చేతులతోనే ముందుకు వంగి, ఆ అతుకు మీద బొటనవేలు పెట్టి నిమిరాడు. అర్థం కానట్టు మళ్లీ నిమిరాడు.

"విరిగింది అతుకు దగ్గర కాదు. దానికి రెండంగుళాలు ఇవతల." జక్కయ్య విరిగిన మొన మీద టార్చి వేసి ఇన్‌స్పెక్టర్‌ను దగ్గరికి పిలిచాడు. "విరిగిన ఉక్కు గరుకుగా, పంచదార పలుకుల్లా ఉంటుంది. ఇక్కడ ఆ గరుకు మూడో వంతే ఉంది. మిగతా రెండొంతులు నున్నగా, సన్నటి గీతలు. అవి ఇనుము కోసే హాక్సా బ్లేడు గీతలు. కోసి, గ్రీజు పూసి కనపడకుండా చేశారు. పది చుట్లు ఆగింది. పదకొండో చుట్టులో విరిగింది."

ఇన్‌స్పెక్టర్ చాలాసేపు వంగి చూశాడు. నిటారుగా లేచినప్పుడు ఆయన మొహంలో పొద్దుటి వెటకారం లేదు. జేబులోంచి తాళంచెవి తీసి, ఎవరూ అడక్కుండానే శౌరయ్య బేడీలు విప్పాడు.

శౌరయ్య కుర్చీలో కూలబడ్డాడు. "ఏడేళ్లుగా పూజకు వస్తున్నానండి. ఒక్కసారి కూడా దివ్యసత్ప్రసాదం పుచ్చుకోలేదు. ఆ చేతులతో ఎలా పుచ్చుకుంటాననుకున్నాను." ఎవరినీ చూడకుండా అడిగాడు. "ఆ బాబు ఏమనుకుంటూ పోయాడంటారు? నా అతుకే ఊడిందనుకుని ఉంటాడా?"

జక్కయ్య ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఆ మాటకు బదులు తనకు కావలసినది అడిగాడు.

"మీరు చూడలేదన్నారు. మరి అతుకు ఊడిందని మీకు చెప్పిందెవరు?"

"సుబ్బారావుగారండి. పందెం చూడ్డానికి ఆయనా వచ్చారు. మద్రాసు ఆసుపత్రి వరండాలో నన్ను పక్కకు పిలిచి చెప్పారు. ఊడిన అతుకును కళ్లారా చూశానన్నారు. మీకు జైలు పడుతుందని, ఆ ముక్కను సముద్రంలో పారేశానన్నారు. అక్కకు చెప్పను, నువ్వూ ఎక్కడా నోరెత్తకు అన్నారు. అప్పట్నుంచీ ఆయనకు నేను రుణపడి ఉన్నాననుకున్నాను."



"ఆ అతుకు ఇదిగో ఇక్కడుంది," అన్నాడు జక్కయ్య. "చక్రంతోపాటు నెల రోజులు తుప్పల్లో ఉంది. తర్వాత ఏడేళ్లు మీ అటక మీద ఉంది. ఆయన దాన్ని చూసే అవకాశమే లేదు. చూడని అతుకు ఊడిందని మీకు చెప్పాడు, ఎందుకంటే ఎక్కడ విరుగుతుందో ఆయనకు ముందే తెలుసు. శుక్రవారం దాకా ఈ చక్రం ఉందని తెలియదు. తెలిసిన రెండో రోజే షెడ్డులో ఉన్న ప్రతి చక్రాన్నీ, కారుతో సహా, తన చెరకు లారీలో వేసుకుపోయాడు. ఏది అసలుదో తెలియక."

శౌరయ్య మెల్లగా చెప్పాడు. ఆ పందెం అయ్యాక మానేసి ఇంటికొస్తానని, తోటలూ లారీలూ ఇక తనే చూసుకుంటానని చలపతి వాళ్లమ్మకు ఉత్తరం రాశాడట. ఆ ఉత్తరాన్ని పోస్టు చేసింది శౌరయ్యేనట.

జక్కయ్య ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ మొహం పాలిపోయి ఉంది.

"ఏమైంది?"

"పన్నెండున్నరకు బెజవాడ నుంచి ఫోనొచ్చింది. రత్తయ్యకు తెలివొచ్చిందట. మాట ఇంకా రాలేదు గానీ, మనుషుల్ని గుర్తుపడుతున్నాడు." ఆయన అప్పటికే గుమ్మం వైపు తిరిగాడు. "ఒంటిగంటకు సుబ్బారావు స్టేషన్‌కు వచ్చి అడిగితే, నేనే చెప్పాను. సంతోషమండీ, ఉయ్యూరులో అక్కను ఎక్కించుకుని, పళ్లు తీసుకుని చూసొస్తానన్నాడు."

"ఆసుపత్రిలో కాపలా?"

"ముద్దాయి దొరికాడు కదాని, పొద్దున్నే తీసేశాను."

ట్రంకు కాల్ బుక్ చేసి ఎలాగైనా ఆసుపత్రిని పట్టుకోమని కానిస్టేబుల్‌ను పరుగెత్తించి, ఇన్‌స్పెక్టర్ జీపు వైపు నడిచాడు. శౌరయ్య లేచి వెనకే వచ్చి, రోడ్డు మీదుగా పోవద్దన్నాడు. ఈ వేళప్పుడు ఉయ్యూరు దగ్గర చెరకు బళ్లు రెండు మైళ్లు బారు తీరి ఉంటాయి. కాలవ గట్టు మీదుగా పోతే సుబ్బారావు కంటే ముందు ఆసుపత్రి చేరొచ్చు. కాకపోతే గట్టు మీద జీపు వెడల్పు కంటే చోటు లేదు.

జీపు డ్రైవరు ఇన్‌స్పెక్టర్ మొహం చూశాడు. గట్టు మీద తనవల్ల కాదని చెప్పాడు.

ఇన్‌స్పెక్టర్  డ్రైవరు చేతిలోంచి తాళంచెవి తీసుకుని, శౌరయ్య చేతిలో పెట్టాడు.

"మీరు నడపండి శౌరయ్యగారూ."

జక్కయ్య చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంటూ గడియారం చూశాడు. ఒంటిగంటా ఇరవై రెండు. సుబ్బారావు బయల్దేరి ఇరవై రెండు నిమిషాలైంది. ఈపాటికి సీతారావమ్మ ఆ అంబాసిడర్‌లో, తమ్ముడి పక్కన కూర్చుని ఉంటుంది.